వంతు ఎవరిది?

సావనీరు కమిటీ వారు ఫోను చేసి "ఈసారి మీరు తప్పకుండా ఏదైనా రాయాలండీ" అన్నప్పుడు, నాకు తెలిసింది సాఫ్ట్‌వేరు ఒక్కటే, ఉగాది సంచికలో దాన్నెవరు చదువుతారు అని తప్పించుకోబోయాను. "మీ పిల్లల వంతుల గొడవ ఉంది కదా, అదే రాయండి" అన్నారు. మా బూన్ లేలో ఆ కథ తెలియని తెలుగువారు లేరు. ఉడ్‌లాండ్స్, పుంగోల్ వైపు ఉండే సభ్యుల కోసమూ, ఆ కథ వెనక ఉన్న అసలు సంగతి కోసమూ ఈ నాలుగు ముక్కలు.

బూన్ లే డ్రైవ్‌లో మా బ్లాకూ పక్క బ్లాకూ కలిపి అప్పట్లో నాలుగు తెలుగు కుటుంబాలం. మేము, ఎదురింటి విశాఖ వారు, ఎనిమిదో అంతస్తులో గుంటూరు వారు, పక్క బ్లాకులో కరీంనగర్ వారు. పిల్లలందరిదీ ఒకే బడి. అన్ని ఇళ్ళలోనూ ఇద్దరూ ఉద్యోగస్తులే. మధ్యాహ్నం ఒకటిన్నరకు బడి వదిలితే పిల్లల్ని తీసుకురావడానికి వంతులు వేసుకున్నాం. షిఫ్టులు సర్దుకుని, ఆఫీసుల్లో బతిమాలుకుని ఒక్కో ఇంటికి ఒక్కో రోజు. రూలు ఒక్కటే: రాలేనివాళ్ళు ముందుగా ఇంకొకరికి చెప్పాలి.

2018 జులైలో ఒక మంగళవారం. వంతు గుంటూరు వారిది. వదినగారికి ఆఫీసులో ఆడిట్ వచ్చిపడింది. ఉదయమే కరీంనగర్ అక్కకు చెప్పారు. అక్క సరేనంది. ఆ "సరే" గ్రూపులో మా ఆవిడా చూసింది, నిశ్చింతగా పనిలో పడిపోయింది. పదకొండింటికి అక్క వాళ్ళ చిన్నవాడికి జ్వరం కాసింది. వాణ్ణి పాలీక్లినిక్‌కు తీసుకెళ్తూ "నావల్ల కాదు వదినా" అని గుంటూరు వదినగారికి మెసేజ్ పెట్టింది. వదినగారి ఫోను ఆడిట్ గది బయట సొరుగులో ఉంది.

మిగతా పిల్లలకు ఆ రోజు బడి తరవాత ఏవో క్లాసులున్నాయి. మా అమ్మాయి, గుంటూరు వారి అబ్బాయి, ఇద్దరూ రెండో తరగతి, నలభై నిమిషాలు గేటు దగ్గర నిలబడ్డారు. వాన. సెక్యూరిటీ అంకుల్ తన కుర్చీ ఇచ్చి కూర్చోబెట్టి, చివరికి మా నంబరు దొరకబుచ్చుకుని ఫోను చేశాడు.

సాయంత్రం అందరం మా ఇంట్లో చేరాం. టీ ఎవరూ తాగలేదు. "నేను మెసేజ్ పెట్టిన గదా" అని అక్క ఏడ్చింది. "నేను చూళ్ళేదమ్మా, ఫోను లోపలికి తీసుకెళ్ళనివ్వరు" అని వదినగారు. మా ఆవిడ మాట్లాడలేదు. అందరూ వెళ్ళాక మాత్రం "ఇక వంతులు వద్దు. ఉద్యోగం మానేసైనా మన పిల్లను మనమే తెచ్చుకుందాం" అంది. మూడేళ్ళ స్నేహం ఆ ఒక్క మధ్యాహ్నంతో పోయేలా ఉంది. నన్ను తొలిచిన విషయం వేరు. ఫోనులన్నీ తిరగేసి చూస్తే అందరూ రూలు పాటించారు. ఒక్కరు కూడా తప్పు చేయలేదు. పిల్లలు మాత్రం గేటు దగ్గర ఉన్నారు.

ఆ రాత్రి నాకు ఎనిమిది నెలల కిందటి జూ కూన్ గుర్తొచ్చింది.

మా వైపు రానివారి కోసం చెబుతున్నాను. 1990లో బూన్ లే స్టేషను తెరిచిన నాటి నుంచి చాలా ఏళ్ళు పడమటి లైనుకు అదే చివర. 2009లో పయనీర్, జూ కూన్ వచ్చాయి. 2017 జూన్ 18న లైను తువాస్ దాకా సాగింది. మా ఆవిడ పని తువాస్‌లోనే. 2017 నవంబరు 15, బుధవారం. ఆవిడ బూన్ లే ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండగా రైళ్ళు ఆగిపోయాయి. రెండు స్టేషన్ల అవతల, జూ కూన్‌లో, ఆగి ఉన్న రైలును వెనక వచ్చిన రైలు గుద్దింది. 38 మందికి గాయాలయ్యాయి. ప్రాణాలు ఎవరివీ పోలేదు. ఒక్క రైలు ముందు వెళ్ళి ఉంటే తను కూడా అందులోనే ఉండేది.

సింగపూర్‌లో రైలు రైలును గుద్దడం అంతకుముందు 1993 ఆగస్టులో క్లెమెంటీలో జరిగింది. పట్టాల మీద నూనె ఒలికి బ్రేకులు పట్టక 150 మందికి పైగా గాయపడ్డారు. జూ కూన్‌లో నూనె లేదు, బ్రేకులు బాగానే ఉన్నాయి, డ్రైవరు నిద్రపోలేదు. సిగ్నళ్ళ సాఫ్ట్‌వేరులో వచ్చిన చిక్కు అది.

అధికారులు అదే రోజు చెప్పిన వివరం ఇదీ. అప్పటికి పాత లైను పాత సిగ్నళ్ళతో నడుస్తోంది. కొత్తగా వేసిన తువాస్ ముక్క కొత్త సిగ్నళ్ళతో నడుస్తోంది. జూ కూన్ ఆ రెంటికీ సరిహద్దు. రెండు పద్ధతుల్లోనూ తిరగవలసిన రైలు చుట్టూ సాఫ్ట్‌వేరు ఒక రక్షణ బుడగ గీస్తుంది. వెనక రైలు ఆ బుడగలోకి రాకూడదు. ఆ ఉదయం డిపో నుంచి బయల్దేరినప్పుడు మొదటి రైలుకు బుడగ ఉంది. దారిలో చెడిపోయిన ఒక సిగ్నల్ సర్క్యూట్ మీదుగా పోయినప్పుడు అది ఊడిపోయింది. ఎవరూ తీసెయ్యలేదు, అదే పోయింది. జూ కూన్‌లో ఆ రైలు సరిహద్దు చిక్కులో పడి ఆగింది. వెనక రైలు 8 గంటల 18 నిమిషాలకు 10.7 మీటర్ల దూరంలో చక్కగానే ఆగింది. ఒక్క నిమిషం. 8.19కి ముందున్న దూరాన్ని తప్పుగా లెక్కగట్టుకుని తనంతట తాను కదిలింది.

ముందు రైలు తనకు రక్షణ ఉందనుకుంది, వెనక రైలు దారి ఉందనుకుంది. మా గుంటూరు వదినగారు అక్క వెళ్తుందనుకున్నారు, అక్క వదినగారు చూసుకుంటారనుకుంది. యంత్రాలకు "అనుకోవడం" ఏమిటని మీకు నవ్వు రావచ్చు. మా వృత్తిలో సగం తప్పులు ఈ అనుకోవడంలోనే ఉంటాయి. ఏ ముక్కకు ఆ ముక్క సరిగ్గానే ఉంటుంది. పని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారే క్షణంలో, పాతదీ కొత్తదీ కలిసే చోట, జారిపోతుంది.

ఇది నాకు పుస్తకంలో దొరికిన జ్ఞానం కాదు. చాలా ఏళ్ళ కిందట నేను పనిచేసిన ఒక చోట గోడౌనులో సరుకు మోసే బండ్లకు ప్రోగ్రాము రాశాం. డ్రైవరు ఉండడు, బండ్లే తిరుగుతాయి. ఒక సందులోకి ఒకసారి ఒక బండే వెళ్ళాలి. డిజైను కాగితం మీద సంతకం నాది. నాలుగు వందలకు పైగా పరీక్షలు పెట్టాం, అన్నీ పాసయ్యాయి. ఒకరోజు కరెంటు పోయి వచ్చాక రెండు బండ్లు ఒకే సందులోకి ఎదురెదురుగా వెళ్ళి గుద్దుకున్నాయి. అదృష్టం, ఆ సందులో మనిషి లేడు. కరెంటు తిరిగి రాగానే సందు ఖాళీ అని ప్రోగ్రాము అనుకుంది. లోపల బండి ఉన్న సంగతి మరిచిపోయింది. నాలుగు వందల పరీక్షల్లో ఇది లేదు. ఎందుకు లేదంటే, పరీక్షలు రాసిందీ నేనే. డిజైను చేసేటప్పుడు నా బుర్రకు తట్టనిది పరీక్ష రాసేటప్పుడు మాత్రం ఎలా తడుతుంది?

మా దగ్గర కొత్తగా చేరిన కుర్రవాడొకడు ఆ మధ్యాహ్నం ఇంటికి పోకుండా కూర్చుని, రెండు బండ్లు, ఒక సందు, ఒకసారి కరెంటు పోవడం, ఇంతే, ఒక పేజీలో రాసి కంప్యూటరుకిచ్చాడు. అది మూడు అడుగుల్లో ఆ ప్రమాదాన్ని గీసి చూపించింది. అప్పటిదాకా నేను పేరు మాత్రమే విన్న అలాయ్‌ను మొదటిసారి చూడటం అదే.

అలాయ్‌ను తయారు చేసింది ఎం.ఐ.టి.లో ఆచార్యుడు డేనియల్ జాక్సన్. (ఆయన తండ్రి పేరు మైకేల్ జాక్సన్. పాటలాయన కాదు, ఆయన కూడా సాఫ్ట్‌వేరు పెద్దే.) 1996లో ఆయనా జెనెట్ వింగ్ అనే ఆవిడా కలిసి ఒక చిన్న వ్యాసం రాశారు. ప్రోగ్రాముల్ని గణిత తర్కంతో పరీక్షించే పద్ధతుల్ని ఫార్మల్ మెథడ్స్ అంటారు. అవి అప్పటికే ఉన్నాయి, కానీ బరువైనవి. 1998లో పారిస్‌లో తెరిచిన 14వ నంబరు మెట్రో లైనుకు డ్రైవరు లేడు. దాని భద్రతకు సంబంధించిన ప్రోగ్రామును బి-మెథడ్ అనే పద్ధతిలో మొదటి నుంచి చివరిదాకా రుజువు చేశారు. దాదాపు 86 వేల పంక్తుల ప్రోగ్రాము, 27 వేలకు పైగా చిన్న చిన్న రుజువులు. మహా గొప్ప పని. అందరికీ అంత డబ్బూ, అంతమంది గణితజ్ఞులూ ఎక్కడ? జాక్సన్, వింగ్ అన్నది ఏమిటంటే, మొత్తం ప్రోగ్రామును రుజువు చేయనక్కరలేదు, అనుమానం ఉన్న ముక్కను మాత్రం తీసుకోండి, చిన్నదిగా రాయండి, వెతికే పని యంత్రానికి వదిలేయండి. దీన్నే తేలికపాటి పద్ధతి అన్నారు.

మనలో ఆంధ్రాలో పదో తరగతి చదివినవారికి ఇది అర్థం కావడం కష్టం కాదు. లెక్కల పుస్తకంలో ప్రవచనాలు, సమితులు, సంబంధాలు అని ఉండేవి కదా, ఎందుకు పనికొస్తాయో మాస్టారు కూడా చెప్పలేదు. అలాయ్‌లో రాసేది సరిగ్గా అవే. కుటుంబాలు ఒక సమితి. పిల్లలు ఒక సమితి. "ఫలానా కుటుంబం దృష్టిలో ఇవాళ వంతు ఫలానావారిది" అన్నది ఒక సంబంధం. "ఏ క్షణంలో చూసినా, వంతు నాదే అనుకునేవారు కనీసం ఒకరు ఉండాలి" అన్నది మనం నిజమనుకునే ప్రవచనం. దానికి ప్రత్యుదాహరణ ఉందేమో వెతకమని యంత్రాన్ని అడుగుతాం.

ఎంత వెతకాలో చూడండి. నాలుగు కుటుంబాలు, ఒక్కొక్కరి మనసులో నాలుగు జవాబుల్లో ఏదో ఒకటి. ఒక క్షణానికే 256 రకాల పరిస్థితులు. అలాంటి అయిదు క్షణాలు వరసగా తీసుకుంటే లక్ష కోట్లు దాటుతాయి. యంత్రం అన్నిటినీ ఒక్కొక్కటిగా చూడదు. సుడోకులో ఒక గడిలో అంకె పడగానే పది గడులకు దారి మూసుకుపోయినట్టు, కుదరని వాటిని గుంపులు గుంపులుగా కొట్టేస్తూ పోతుంది. అయితే మనం చెప్పిన హద్దులోపల ఒక్కటీ వదలదు. మిగతా ప్రపంచం, పెద్ద పెద్ద సంఖ్యలు, చూడదు. జాక్సన్ నమ్మకం ఏమిటంటే చాలా తప్పులు చిన్న సంఖ్యల్లోనే బయటపడతాయి. రెండు బండ్లతో రాని ప్రమాదం ఇరవై బండ్లతో రావడం అరుదు. ఇది నమ్మకమే, సిద్ధాంతం కాదు. నా అనుభవంలో మాత్రం ఎక్కువసార్లు నిలిచింది.

ఆ మంగళవారం రాత్రి నిద్ర పట్టక మా వంతుల రూలును అలాయ్‌లో రాశాను. మొదటి ప్రత్యుదాహరణ క్షణంలో వచ్చింది, అది మాకు జరిగినదే. చెప్పగానే వంతు దిగిపోతుంది, అవతలివాళ్ళు విన్నారా లేదా అన్నది రూలులో లేదు. సరే, రూలు మార్చాను: అవతలివాళ్ళు "సరే" అన్నాకే వంతు మారుతుంది. "సరే" అన్నవాళ్ళకు వీలు కాకపోతే, ఇంకొకరు ఒప్పుకుని ఉన్నప్పుడు మాత్రమే తప్పుకోవచ్చు. ఇక తిరుగులేదనుకున్నాను. మీరూ ఒకసారి చదివి చూడండి, లోపం కనబడుతుందేమో.

యంత్రానికి కనబడింది. గుంటూరు వారు తొందరలో ఇద్దరినీ అడిగారు, కరీంనగర్ వారినీ మమ్మల్నీ. ఇద్దరం సరేనన్నాం. గుంటూరు వారు దిగిపోయారు. కాసేపటికి అక్కకు పనిపడింది. చూస్తే మేము ఒప్పుకుని ఉన్నాం. రూలు ప్రకారం తప్పుకుంది. సరిగ్గా అదే సమయానికి మాకూ పనిపడింది. చూస్తే అక్క ఒప్పుకుని ఉంది. రూలు ప్రకారమే మేమూ తప్పుకున్నాం. పిల్లలు మళ్ళీ గేటు దగ్గర! మూడు కుటుంబాలు, ఆరు మెసేజ్‌లు. ఒకరు మరీ ఎక్కువై ఇద్దరు ఒప్పుకోవడమే కొంప ముంచింది. తెల్లవారుజామున మూడింటికి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. మన పెళ్ళిళ్ళలో వడ్డనకు ఎక్కువమంది పెద్దమనుషులు ఉన్నచోటే నెయ్యి రాకపోవడం చూడలేదూ?

ఇలాంటివి మా వంటింటి స్థాయిలోనే కాదు. 2001లో ఎం.ఐ.టి. వారే కార్డ్ అనే పద్ధతి ప్రచురించారు. కంప్యూటర్లు వలయంగా చెయ్యీ చెయ్యీ పట్టుకుని, కొత్తవి చేరుతూ పాతవి పోతూ ఉన్నా వలయం తెగకుండా ఉండే పద్ధతి. మా వంతులకు పెద్దన్న అనుకోండి. ఎంతో పేరొచ్చింది, సరైనదని పేపర్లలో రాసుకున్నారు. 2012లో ఏటీ అండ్ టీ పరిశోధనశాలకు చెందిన పమేలా జేవ్ దాన్ని అలాయ్‌లో రాసి చూశారు. ఎప్పుడూ నిలుస్తాయని చెప్పిన ఏడు లక్షణాల్లో ఒక్కటి కూడా నిలవదని తేలింది. 2011 నుంచి అమెజాన్ ఇంజనీర్లు ఇలాంటిదే ఇంకో పనిముట్టు, లెస్లీ లాంపోర్ట్ తయారు చేసిన టి.ఎల్.ఎ. ప్లస్, వాడుతూ ఒక డేటాబేసులో తప్పు పట్టారు. అది బయటపడాలంటే 35 అడుగులు ఒకే వరసలో జరగాలి. ఏ మనిషి కూర్చుని ఊహిస్తాడు చెప్పండి?

అలాగని జూ కూన్‌లో కూడా అలాయ్ పెట్టి ఉంటే దొరికేదని నేను అనను. చెడిపోయిన సర్క్యూట్ అనేది ఒకటి ఉండవచ్చని మొదట ఎవరైనా కాగితం మీద రాయాలి. రాసినదాంట్లోనే యంత్రం వెతుకుతుంది.

దీనికి సాక్ష్యం మా అత్తగారు. మూడో రూలు కుదిరాక, అంటే వంతు ఒక్కరి పేరు మీదే ఉండాలి, ఆ ఒక్కరే ఒకసారి ఒకరినే అడగాలి, జవాబు వచ్చేదాకా వంతు వారిదే అన్నాక, నాలుగు కుటుంబాలు, పది అడుగుల దాకా యంత్రం ఎంత వెతికినా ప్రత్యుదాహరణ దొరకలేదు. గ్రూపులో పైన ఒక్క పంక్తి పిన్ చేశాం: "వంతు:" అని, పక్కన ఒకే ఒక పేరు. నెల రోజులు హాయిగా సాగింది. తెనాలి నుంచి మా అత్తగారు వచ్చారు. మూడో రోజున, మనవరాల్ని చూడబుద్ధేసి, ఎవరికీ చెప్పకుండా బడికి నడిచివెళ్ళి, గేటు దగ్గర అంకుల్‌కు తెలుగులోనే ఏదో చెప్పి పిల్లను తీసుకుని బూన్ లే ప్లేస్ హాకర్ సెంటరుకు ఐస్ కచాంగ్ తినిపించడానికి పోయారు. వంతు విశాఖ అన్నయ్యది. ఆయన గేటు దగ్గర పిల్ల కనబడక పడిన అవస్థ ఇప్పటికీ తలుచుకుంటారు. నా అలాయ్ పేజీలో కుటుంబాలున్నాయి, పిల్లలున్నారు, మెసేజ్‌లున్నాయి. అమ్మమ్మ లేదు.

ఈ పద్ధతి వల్ల ఇంకో లాభం ఉంది, అది అనుకోనిది. మర్నాడు నేను ఆ రెండు ప్రత్యుదాహరణల బొమ్మలు ప్రింటు తీసి నాలుగిళ్ళకూ చూపించాను. ఎవరి పేర్లూ లేవు, "కుటుంబం 0, కుటుంబం 1" అని ఉంటాయి. గుంటూరు వదినగారు ఆ కాగితం చాలాసేపు చూసి, "అంటే తప్పు నాది కాదు, ఆవిడదీ కాదు, రూలుదన్నమాట" అన్నారు. కరీంనగర్ అక్క ఆ సాయంత్రం సర్వపిండి చేసి నాలుగిళ్ళకూ పంపింది. మా ఆవిడ ఉద్యోగం మానలేదు.

ఆఫీసుల్లో ఇంత సులువు కాదు. "ఎన్ని రోజులు పడుతుంది, కస్టమరుకు ఏం చూపిస్తాం?" అంటారు మేనేజర్లు. నేనూ ఇప్పుడు మేనేజర్నే, నేనూ అంటాను. చూపించడానికి పనికొచ్చేది ప్రదర్శన. 2022 మార్చి 4న మన దక్షిణ మధ్య రైల్వేలో, గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య కవచ్ పరీక్ష జరిగింది. ఒక ఇంజనులో రైల్వే మంత్రి, ఎదురుగా ఇంకో ఇంజనులో రైల్వే బోర్డు చైర్మన్. 380 మీటర్ల దూరంలో బండి తనంతట తాను ఆగింది. ఆ పరికరాలు తయారు చేసిన మొదటి మూడు కంపెనీలూ హైదరాబాదువే అని తెలిసి నాకు గర్వంగా అనిపించింది. వీడియో చూస్తూ చప్పట్లు కూడా కొట్టాను. కానీ మంత్రిగారు ఎక్కిన బండి ఒక్క సందర్భాన్నే చూపిస్తుంది. మంచు పడ్డ రాత్రి, రేడియో ఒక క్షణం పోయి వచ్చి, బండి కవచ్ లేని సెక్షను నుంచి ఉన్న సెక్షనులోకి దాటుతున్నప్పుడు ఏమవుతుందో చూపించడానికి ఎవర్నీ ఇంజను ఎక్కించలేం. అక్కడ కాగితం మీద వెతకాల్సిందే. ఆ కంపెనీల్లో పనిచేసే మన కుర్రవాళ్ళు ఎవరైనా ఈ సంచిక చూస్తే, జూ కూన్ నివేదిక చదవండి నాయనా.

జూ కూన్‌కూ గుల్ సర్కిల్‌కూ మధ్య ఆ రోజుల్లో రైళ్ళు ఆపి బస్సులు వేశారు. లైను మొత్తం కొత్త సిగ్నళ్ళకు మారాక 2018 మే 28న మళ్ళీ కలిపారు. సరిహద్దే లేకుండా చేశారన్నమాట. మా మూడో రూలూ అలాంటిదే.

అలాయ్ ఉచితం. 2021లో వచ్చిన ఆరో కూర్పులో "ముందు, తరవాత" అనే కాలం లెక్కలు కూడా దానిలోనే కలిపారు, మాకు అప్పట్లో చేత్తో రాసుకోవలసి వచ్చేది. ఇంట్లో పాలిటెక్నిక్‌లోనో జూనియర్ కాలేజీలోనో కంప్యూటరు చదివే పిల్లలుంటే ఒక ఆదివారం కూర్చోబెట్టి చూపించండి. మన సంఘం భోజనాల కూపన్ల పద్ధతిని రాసి చూడమంటే ఏం బయటపడుతుందో నాకూ కుతూహలంగానే ఉంది, కోశాధికారిగారు క్షమించాలి.

పిల్లలు పెద్దవాళ్ళయి సొంతంగా వచ్చేస్తుండడంతో 2022లో వంతులు ఆగిపోయాయి. విశాఖ వారు మెల్‌బోర్న్ వెళ్ళిపోయారు. గ్రూపు మాత్రం ఉంది, పండగ శుభాకాంక్షలకు. పైన ఆ పంక్తి ఇంకా పిన్ చేసే ఉంది. చివరి రోజున అక్కను ఎవరూ అడగలేదు, అక్క ఎవరికీ అప్పగించలేదు. రూలు ప్రకారం వంతు ఇప్పటికీ కరీంనగర్ వారిదే.